వార్షిక నివేదిక 2024-25: తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం మన సంఘం చేసిన పని

సంఘం సభ్యులకు, మనకు చేయూతనిచ్చిన అందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం మనుషుల్నీ డబ్బునీ ఎక్కువగా పెట్టింది తల్లీబిడ్డల ఆరోగ్యం మీదే. కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది. వేసవి చలివేంద్రాలు, బడిపిల్లలకు నోటుపుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఖర్చు లెక్కల పట్టికలో ఉంది.

నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు మండలాల్లోని తీర గ్రామాలు, వాటిని ఆనుకుని ఉన్న యానాది గిరిజనుల కాలనీలు మనం ఎంచుకున్న చోట్లు. ఇక్కడివాళ్లలో చాలామంది వరి కోతలకు, రొయ్యల చెరువుల పనికి, ఇటుక బట్టీలకు పోతారు. పనికి పోని రోజు కూలి ఉండదు. నెలలు నిండేదాకా పనిచేసే ఆడవాళ్లే ఎక్కువ.

ఆసుపత్రిలో కాన్పయితే గండం గట్టెక్కినట్టే అని మనలో చాలామంది నమ్ముతాం. అందులో నిజం లేకపోలేదు. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష జననాలకు 154 మంది తల్లులు చనిపోయేవారు. 2018-20 నాటికి మన రాష్ట్రంలో ఆ సంఖ్య 45కి దిగింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 96కు పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో ఇంకో సంగతి ఉంది. గర్భిణుల్లో సగం మందికి పైగా, ఐదేళ్లలోపు పిల్లల్లో 60 శాతానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. కాన్పు రోజున చేతికందే వైద్యం మెరుగైంది. దానికి ముందు తొమ్మిది నెలలు, తర్వాత ఆరు వారాలు మాత్రం ఆడమనిషి తన తిప్పలు తనే పడుతోంది. మన పని అంతా ఆ రోజుల మీదే పెట్టాలని గత సర్వసభ్య సమావేశంలో నిర్ణయించాం.

అందుకు ఊరి ఆడవాళ్లతో నెలనెలా సమావేశాలు పెట్టాం. ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. నేపాల్‌లోని మక్వాన్‌పూర్ అనే కొండ జిల్లాలో ఊరి ఆడవాళ్లు నెలకోసారి కూర్చుని, కాన్పుల్లో తమకు ఎదురయ్యే కష్టాలేమిటో తామే తేల్చుకుని, తమ చేతనైన దారులు వెతుక్కునే ఏర్పాటు జరిగింది. నడిపించింది కూడా డాక్టర్లు కాదు, అక్కడి ఊళ్ల మహిళలే. 2004లో వచ్చిన ఫలితాల్లో, ఇలాంటి బృందాలున్న చోట నెలలోపు శిశువుల మరణాలు మిగతా చోట్ల కంటే 30 శాతం తక్కువగా ఉన్నాయి. తర్వాత జార్ఖండ్, ఒడిశా గిరిజన గ్రామాల్లో ఏక్‌జుట్ అనే సంస్థ ఇదే దారిలో నడిచి, 2010లో దాదాపు అంతే మేలైన ఫలితం చూపించింది. నేపాల్ లాంటి పేద దేశంలో, రోడ్లు కూడా సరిగ్గా లేని ఊళ్లలో సాధ్యమైంది మన తీరంలో ఎందుకు కాదన్న పట్టుదలతో మొదలుపెట్టాం.

నెలవారీ సమావేశాల్లో అన్నిటికంటే ఎక్కువసేపు నలిగింది రక్తహీనత గురించే. ఐరన్ మాత్రలకు కొరత లేదు, ఆశా కార్యకర్త ఇంటికే తెచ్చి ఇస్తుంది. మరి మింగరెందుకు? ఆడవాళ్లు ఒకచోట తీరిగ్గా కూర్చున్నాకే అసలు సంగతులు బయటికొచ్చాయి. మాత్రలేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని ఒకరు, బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని ఇంకొకరు. విరేచనం నల్లగా అయ్యేసరికి టెన్షన్ పడి మానేసినవాళ్లు కొందరు. పొద్దున్నే పనికి పోయే తొందరలో ఖాళీ కడుపున టీతో మింగి, కడుపులో తిప్పి, మర్నాటి నుంచి మాత్రల్ని గూట్లో పడేసినవాళ్లు చాలామంది. టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదని, క్యాల్షియం మాత్ర కూడా అదే పూట వేసుకోకూడదని ఏఎన్ఎం (ఊళ్లకు వచ్చే ప్రభుత్వ నర్సు) విడమరిచి చెప్పింది. విరేచనం నల్లబడటం మామూలేనని భరోసా ఇచ్చింది. రాత్రి అన్నం తిన్నాక కాసేపాగి నీళ్లతో వేసుకోవడం, కూరలో నిమ్మకాయ పిండుకోవడం అలా అలవాటయ్యాయి.

ఒక కాలనీలో ఐదో నెల కోడలికి మాత్ర ఇచ్చే బాధ్యత అత్తే తీసుకుంది. ఆమెకు చదువు రాదు. గోడకున్న క్యాలెండర్‌లో, మాత్ర వేసిన ప్రతి రాత్రీ ఆ తేదీ మీద బొగ్గుతో అడ్డగీత పెట్టేది. 180 రోజులు వాడాలని చెప్తే, గీతలు లెక్కపెట్టి చూపించమని ఆశా కార్యకర్తనే అడిగేది. ఆ క్యాలెండర్‌ని తర్వాతి సమావేశంలో అందరికీ చూపించాం. ఇప్పుడు ఆ వరసలో చాలా ఇళ్ల గోడల మీద బొగ్గు గీతలే.

తిండి విషయం ఇంత తేలిక కాదు. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు ఇంటికి చేరాక నలుగురూ పంచుకుంటారు. గర్భిణి వాటా చివరికి మిగిలేది. దీనికి ఆకలితో ఉన్న కుటుంబాన్ని తప్పుపట్టడం సరికాదు. వీలైనంత వరకు అంగన్‌వాడీ కేంద్రంలోనే కూర్చుని తినేలా చూశాం. పెరట్లో మునగచెట్టు లేని ఇళ్లకు కొమ్మలు తెచ్చి నాటించాం.

బీపీ గురించి కూడా గట్టిగా చెప్పుకున్నాం. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడే జబ్బు (గర్భిణులకు, బాలింతలకు వచ్చే ఫిట్స్) చాలాసార్లు బీపీ పెరగడంతోనే మొదలవుతుంది. 140/90 దాటినా, విడవని తలనొప్పి, కళ్లు మసకలు, ముఖం వాపు కనిపించినా దిష్టి తీయిస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షలకు మన వాలంటీర్లే తోడు వెళ్లారు.

మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాగులు పొంగితే తీరం ఊళ్లకు దారి తెగిపోతుంది. ఆ మూడు నెలల్లో కాన్పు రోజులున్నవాళ్ల జాబితా ముందే రాసుకుని, వాయుగుండం కబురు రాగానే వాళ్లను రోడ్డుకు దగ్గరున్న బంధువుల ఇళ్లకు చేర్చాం. 108 బండి రాలేని చోటికి తాము వస్తామని ఊళ్లోని ఆటో డ్రైవర్లు మాటిచ్చారు, నిలబెట్టుకున్నారు కూడా. వాళ్లకు సంఘం తరఫున ప్రత్యేక కృతజ్ఞతలు.

బిడ్డ ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో వచ్చి చూడాలి. ఇంటికే వెళ్లి పసిబిడ్డల్ని కాపాడొచ్చని మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు చేసి చూపించాకే ఈ ఏర్పాటుకు దేశమంతటా బలం వచ్చింది. మన దగ్గర ఆ రోజుల్లో పెత్తనమంతా అమ్మమ్మలది, నాయనమ్మలది. పసిబిడ్డ నోట్లో ఆముదం చుక్క వేయడం, పచ్చి బాలింతకు పత్యం పేరుతో మంచినీళ్లు కూడా కొలిచి ఇవ్వడం ఇంకా ఉన్నాయి. వాళ్లను పక్కనపెట్టి కోడళ్లకు మాత్రమే చెబితే పని జరగదు. అందుకే ముర్రుపాలు పట్టాలని, ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దని ముందుగా పెద్దవాళ్లతోనే మాట్లాడాం.

రెండు కిలోలు కూడా లేని బిడ్డ ఒకటి చలికాలంలో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. బిడ్డను తల్లి గుండెలకు ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టి ఉంచమని నర్సు నేర్పింది. తల్లి అలసి నిద్రపోయినప్పుడల్లా అమ్మమ్మ తన రవిక విప్పి, బిడ్డను రొమ్ముల మధ్య పెట్టుకుని పాత నూలుచీరతో చుట్టుకుని గడపలో కూర్చునేది. మేం వెళ్తే మాట్లాడొద్దని చేత్తో సైగ చేసేది. ఆ బిడ్డ ఇప్పుడు బాగుంది, టీకాలన్నీ వేళకు పడ్డాయి.

ఇటుక బట్టీల దగ్గర మాత్రం మన పని ఇంకా సరిగ్గా అందలేదు. కుటుంబాలు ఏడాదిలో సగం రోజులు వేరే మండలంలో ఉంటాయి, తల్లీబిడ్డల కార్డు సొంతూళ్లో ఉండిపోతుంది. ఆధార్, బ్యాంకు ఖాతా లేక మొదటి కాన్పుకు మాతృ వందన పథకం కింద రావాల్సిన 5,000 రూపాయలు పోగొట్టుకుంటున్నారు. కొందరికి దగ్గరుండి ఆధార్ చేయించాం. పనికి పోయేటప్పుడు కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెంట తీసుకుపోవాలని అందరికీ చెబుతున్నాం.

వచ్చే ఏడాది బట్టీలున్న చోటే సమావేశాలు పెడతాం. రెండో పని ఆడపిల్లల పెళ్లిళ్లు. పైన చెప్పిన సర్వే నాటికి రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. పదహారేళ్ల పిల్లకు కాన్పంటే ఎంత రిస్కో సమావేశాలకొచ్చే తల్లులకు తెలియంది కాదు. బడి మానేసిన ఆడపిల్లల పేర్లు ఊరివారీగా రాయడం జూన్‌లో మొదలుపెడతాం. అందుకు ప్రతి ఊరి నుంచి ఇద్దరు సభ్యులు కావాలి. వీలున్నవాళ్లు ఈ సర్వసభ్య సమావేశంలోనే పేర్లివ్వగలరు.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున