మనవల ముందు నా మాట పోగొట్టిన మీ సంస్థకు ఫిర్యాదు

కాజీపేట,
2026 జనవరి 6

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: క్రిస్మస్ కాగితపు అలంకరణల పెట్టె విషయంలో మీ సిబ్బంది ఇరవై రోజులపాటు నన్ను తిప్పిన తీరు గురించి.

నమస్కారం.

నేను హనుమకొండ జిల్లా కాజీపేటలో ఉంటున్న విశ్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. ఎనిమిదేళ్ల మనవడు, ఆరేళ్ల మనవరాలు నా దగ్గరే పెరుగుతున్నారు. పిల్లలు స్వయంగా చుక్కలు, తోరణాలు చేసుకునే కాగితాల పెట్టె ఒకటి మీ యాప్‌లో చూసి, డిసెంబర్ 1న 649 రూపాయలు చెల్లించి తెప్పించుకున్నాను. 4వ తేదీన వచ్చిన పెట్టెలో చుక్కకు కావలసిన కాగితాలు లేవు, తోరణం పట్టీలు తడిసి ముద్దయిపోయి ఉన్నాయి. వస్తువు గురించి నేను చెప్పవలసింది ఇంతే. పొరపాటు ఎవరివల్లనైనా జరుగుతుంది; ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి పొరపాటును క్షమించడం నాకు తెలుసు. ఆ తరువాత మీరు నాతో వ్యవహరించిన తీరును మాత్రం క్షమించలేకపోతున్నాను.

అదే రోజు సాయంత్రం ఫోన్ చేశాను. మాట్లాడిన అమ్మాయి ఎంతో మర్యాదగా, 48 గంటల్లో కొత్త పెట్టె వస్తుందని చెప్పింది. ఆమె మాట నమ్మి పిల్లలకు ఎల్లుండి వస్తుందని చెప్పాను. రాలేదు. 7వ తేదీ ఆదివారం, ఫాతిమా నగర్ చర్చి నుంచి వచ్చాక మళ్లీ చేసి, తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీలో ఎవరో పలికారు. తెలుగు వచ్చినవారిని ఇమ్మని కోరగా, 22 నిమిషాలు సంగీతం వినిపించి లైను కట్ చేశారు. 8న ఫొటోలు అడిగారు, నాలుగు పంపాను. 9న ఫొటోలు చాలవు, పెట్టె తెరుస్తున్నప్పటి వీడియో కావాలన్నారు. ఆ నిబంధన ఎక్కడ రాసి ఉందని అడిగితే, అది తమ విభాగం పరిధిలోకి రాదని, 10న పై అధికారి ఫోన్ చేస్తారని చెప్పారు. ఆ రోజంతా వంటింట్లోనూ, బట్టలు ఆరేసే మిద్దె మీదా ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగాను. ఆ పై అధికారి నుంచి ఈ రోజు వరకూ ఫోన్ రాలేదు. 12న మీ పేరుమీదనే ఈమెయిల్ పంపాను. దానికీ జవాబు లేదు.

ఇక 15వ తేదీ సంగతి నా మనసులోంచి పోవడం లేదు. పాత పెట్టె తీసుకుపోవడానికి మనిషి వస్తాడన్నారని, మధ్యాహ్నం నుంచి నేనూ పిల్లలూ గేటు తీసి వరండాలోనే కూర్చున్నాము. మూడున్నర దాటాక, మా మనిషి వచ్చాడు, ఇంట్లో ఎవరూ లేరు అని సందేశం వచ్చింది. మా వీధిలోకే ఎవరూ రాలేదు. మరునాడు ఫోన్ చేసి ఈ మాట చెబితే, మీరు తలుపు తీయలేదని మా రికార్డులో ఉంది మేడమ్ అని మూడుసార్లు అదే వాక్యం చదివారు. నా మాట వినడానికి అక్కడ ఎవరూ లేరని అప్పుడు అర్థమైంది. మీ రికార్డు ప్రకారం నేను ఇంట్లో లేని మనిషిని, కాబట్టి అబద్ధం చెబుతున్న మనిషిని. 18న మాట్లాడిన అబ్బాయి, కాగితాలే కదా మేడమ్, బయట ఎక్కడైనా కొనుక్కోవచ్చు కదా అన్నాడు.

కొనుక్కున్నాము. ఆ సాయంత్రమే పిల్లలను వెంటబెట్టుకుని చౌరస్తా దగ్గరి పుస్తకాల దుకాణంలో గ్లేజు కాగితాలు, ఒక బంగారు రంగు చార్టు తెచ్చాను. మైదా ఉడికించి జిగురు చేశాను. పురుగు పట్టకుండా పూర్వం అందులో మైలతుత్తం కలిపేవారు కానీ, పిల్లల చేతులు నోట్లోకి పోతాయి కాబట్టి వేయలేదు. మనవరాలు అంగుళం వెడల్పు పట్టీలను ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసు అతికించింది. మంచు రేకుకు ఆరు కోణాలే ఎందుకు ఉంటాయని మనవడు అడిగితే, నీరు గడ్డకట్టేటప్పుడు దాని అణువులు ఆరు మూలల గూళ్లుగా అమరుతాయని చెప్పి, చదరపు కాగితాన్ని మూలకు మూల కలిపి రెండుసార్లు మడిచి, ఆ త్రికోణాన్ని మళ్లీ మూడు భాగాలుగా మడిచి కత్తిరించడం నేర్పాను. 24వ తేదీ రాత్రి పూజకు బయలుదేరేముందు గుమ్మానికి చుక్క కట్టాము. మీ పెట్టె లేకుండానే మా పండుగ జరిగింది.

అయినా ఈ లేఖ ఎందుకు రాస్తున్నానంటే, మీరు గడువు చెప్పిన ప్రతిసారీ ఆ గడువును నేను పిల్లలకు నా మాటగా చెప్పాను. ఎల్లుండి అన్నాను, సోమవారం అన్నాను, ఇవాళ తప్పకుండా అన్నాను. జిగురు పూస్తూ పూస్తూ మనవడు తల ఎత్తి, "అమ్మమ్మా, ఫోన్ల మాట్లాడినోళ్లు అబద్ధం చెప్పిండ్రా, నువ్వు చెప్పినవా?" అని అడిగాడు. వాడికి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

23వ తేదీ రాత్రి మీ నుంచి చివరి సందేశం వచ్చింది. నా సమస్య సంతృప్తికరంగా పరిష్కారమైందని, మీ సేవకు ఐదింటిలో ఎన్ని నక్షత్రాలు ఇస్తానో తెలపమని అందులో ఉంది. చుక్క కోసం మూడు వారాలు ఎదురుచూసిన పిల్లలున్న ఇంటికి ఆ సందేశం పంపేముందు మీలో ఒక్కరైనా నా ఫిర్యాదు చదివి ఉంటే బాగుండేది. 2020 లాక్‌డౌన్ రోజుల నుంచి మా ఇంటికి కావలసిన పుస్తకాలూ రంగులూ మీ దగ్గరే తెప్పిస్తున్నాను. నాతో పనిచేసిన టీచర్లకు మీ యాప్‌ను నేనే ఫోన్లలో వేయించి, ఆర్డరు పెట్టడం నేర్పించాను. ఇప్పుడు నాకు ఏమి జరిగిందో కూడా వాళ్లకు నేనే చెబుతాను.

ఈ-కామర్స్ సంస్థలకు 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందినట్లు మీరు 48 గంటల్లో తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. మొదటిది మీరు పాటించలేదు. నా ఈమెయిల్‌కు జనవరి 12తో నెల నిండుతుంది. ఆలోగా 649 రూపాయలు తిరిగి రావాలి, నేను తలుపు తీయలేదన్న అబద్ధాన్ని మీ రికార్డు నుంచి తొలగించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తప్పు అమ్మమ్మది కాదు, మాది అని నా మనవలిద్దరికీ తెలుగులో ఒక ఉత్తరం రావాలి. దాని మీద బాధ్యత గల మనిషి సంతకం ఉండాలి.

అది రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఊరుకోను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు, వకీలును పెట్టుకోవలసిన అవసరమూ లేదు. నా దగ్గర కావలసినంత సమయం ఉంది. ఫోన్ చేసిన తేదీలు, వేళలు, మీ సందేశాల ప్రతులు అన్నీ దీనితో జతపరుస్తున్నాను.

తడిసిన పెట్టె ఇంకా మా వరండాలోనే ఉంది. ఉదయం ఏడు నుంచి రాత్రి తొమ్మిది వరకు మా గేటు తీసే ఉంటుంది.

ఇట్లు,
కాజీపేట నుంచి మీ వినియోగదారురాలు