పర్లాకిమిడి తెలుగు సంఘం వార్షిక నివేదిక: అలికంబైలో ఒక రోజు

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

కోత పండుగ, క్రిస్మస్ క్యారెల్స్, స్త్రీల సమాజం వారి దుప్పట్ల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల కాగితం చర్చి గోడకు అంటించాం, చూసుకోగలరు. ఈ ఏడాది వివరంగా చెప్పాల్సింది మన వాళ్ల శ్రీలంక ప్రయాణం గురించి.

శ్రీలంక తూర్పు వైపు అంపారై జిల్లాలో, అక్కరైపట్టుకు దగ్గర్లో అలికంబై అనే ఊరుంది. అక్కడి వాళ్లను అహికుంటికులు అంటారు. పాములాడించడం, కోతులాడించడం, చెయ్యి చూసి జాతకం చెప్పడం వాళ్ల తాతల నాటి బతుకుతెరువు. ఊరూరా తిరిగినవాళ్లు ఇప్పుడు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఆ ఊళ్లో ఎక్కువమంది కేథలిక్కులు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగు. ఆ ఒక్క మాట విని వెళ్లాలనుకున్నాం.

తొమ్మిదిమందిమి పలాసలో రైలెక్కి చెన్నై, అక్కణ్నుంచి విమానంలో కొలంబో చేరాం. మాట్లాడుకున్న వ్యాను రాలేదు. కాసేపు అందరికీ టెన్షన్, చివరికి రాత్రంతా బస్సులోనే వెళ్లాం. ఎవరి టికెట్టు వాళ్లే కొనుక్కున్నారు. సంఘం డబ్బు సున్నానికీ పలకలకీ మాత్రమే ఖర్చయింది. టూరిస్టు వీసా కాబట్టి ప్రసంగాలు, కూటాలు పెట్టకుండా చేతిపని మాత్రం చేసి రావాలని ముందే తీర్మానించుకున్నాం. అది మంచి నిర్ణయమని ఇప్పటికీ నా అభిప్రాయం.

పిల్లలు చదువుకునే ఒక గది గోడలు గీకి సున్నం వేశాం. బావి చుట్టూ పొదలు కొట్టాం. ఎండ బాగా ఎక్కాక ఒక ముసలమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి "తాగు బిడ్డా" అంది. రాత్రంతా తమిళం, సింహళం విన్న చెవులకు ఆ రెండు మాటలు ఎంత చల్లగా తగిలాయో చెప్పలేను. ఆమె తెలుగులో సగం తమిళం. మా తెలుగులో ఒడియా తక్కువేం కాదు కదా. నిదానంగా మాట్లాడుకుంటే అన్నీ అర్థమయ్యాయి.

గోడ ఆరాక మన యౌవనస్థుల్లో ఒకమ్మాయి పలక మీద "అమ్మ" అని రాసి చూపించింది. ముసలమ్మ ఆ అక్షరాల మీద వేలు పెట్టి, పొల్లుపోకుండా గీతల వెంట తిప్పి, "ఇది మన మాటేనా?" అని అడిగింది. పుట్టినప్పటి నుంచి మాట్లాడే భాషకు ఒక రూపం ఉందని ఆమె చూడ్డం అదే మొదటిసారి. అక్కడి పిల్లల చదువు తమిళంలో.

తర్వాత ఆ అమ్మాయే "చెల్లి" అని రాయబోయి, లావత్తు ఎలా వేయాలని నన్ను మెల్లగా అడిగింది. మన పిల్లే, ఒడియా మీడియం. 1936లో మన ఊరు ఒడిశాలో కలిసింది. ఇంట్లో తెలుగు నిలిచింది గానీ పలక మీద నిలవలేదు. కీర్తనలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడే పిల్లలు మన ఆరాధనలోనే ఎంతమంది! గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. కొండ మీది సవరల పిల్లల కోసం సవర భాష నేర్చుకుని వాచకాలు రాసిన మనిషి ఆయన.

అందుకని కమిటీ ఒక నిర్ణయం తీసుకుంది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, ఆదివారపు బడి గదిలో గంటసేపు తెలుగు చదవడం, రాయడం నేర్పుతాం. రిటైరైన తెలుగు టీచరమ్మ ఒప్పుకున్నారు. శ్రీలంకలో పంచగా మిగిలిన పలకలు అయ్యగారి గదిలో ఉన్నాయి. బలపాలు మాత్రం ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలి.