పాత చెక్కతో ఇల్లు అమర్చుకోవడం: ఈ ఏడాది మన సంఘం పనుల నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పాత చెక్కతో, ఒకసారి వాడేసిన సామగ్రితో ఇంటికి కావలసిన ఫర్నిచర్ మనమే చేసుకుందాం అని మొదలుపెట్టిన మన సంఘం ఈ ఏడాది ఏం చేసిందో, వచ్చే ఏడాది ఏం చెయ్యాలనుకుంటోందో ఇందులో రాస్తున్నాను. జమాఖర్చులు విడిగా పంపుతున్నాం, అందుకే ఇక్కడ పనుల గురించే.

ఈ ఏడాది మనం గట్టిగా పట్టుకున్న పద్ధతి ఒక్కటే: ముందు చెక్కను చూడాలి, ఏం చెయ్యాలో ఆ తర్వాత అనుకోవాలి. ఫోన్లో ఒక ఫొటో చూసుకుని ఇదే కొలతలో బల్ల కావాలని వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు, తప్పు కాదు, కానీ ఆ కొలత కోసం పొడవాటి దూలాన్ని ముక్కలు చేసేస్తే కోసిన పొడవు మళ్ళీ రాదు. అందుకని ఇప్పుడు షెడ్డులోకి ఏ చెక్క వచ్చినా ముందు దాన్ని శుభ్రం చేసి, పరీక్ష చేసి, పొడవు, మందం దాని మీదే సుద్దతో రాసి గోడకు ఆనించి పెడుతున్నాం. రంపం తీసేది చివర్లోనే.

దీనికి మంచి ఉదాహరణ ఒక సభ్యురాలు పాత ఇల్లు పడగొడుతున్నచోటి నుంచి తెచ్చిన జంట తలుపులు. పొరలు పొరలుగా రంగు వేసి ఉండటంతో లోపల ఏ చెక్కో ఎవరికీ తెలియలేదు. బందు విప్పి చూస్తే దాని కింద రంగు తగలని చోట తేనెరంగులో టేకు కనిపించింది. (ఏ పాత తలుపుకైనా ముందు చూడాల్సిన చోటు అదే.) మూలల్లో జాయింట్లకు మేకులు లేవు, చెక్క చీలలే ఉన్నాయి. ఆ చీల ఒకవైపు సన్నగా, ఒకవైపు లావుగా ఉంటుంది కాబట్టి సన్నటి వైపు నుంచి మెల్లగా కొడితే బయటికి వచ్చేసింది, చట్రం ఎక్కడా చీలకుండా విడిపోయింది. నిలువు పట్టీలు రాతబల్లకు కాళ్ళయ్యాయి, మధ్య పలకలు ఒక చిన్న బీరువాకు తలుపులయ్యాయి. ఆమె మొదట అడిగింది పుస్తకాల అర. తలుపు విప్పి చూశాక మనసు మార్చుకున్నారు, ఇప్పుడు ఆ బల్ల చూసినవాళ్ళెవరూ అది తలుపంటే నమ్మరు.

అయితే ఆ రంగు తియ్యడానికి మనం తీసుకున్న జాగ్రత్త గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అమెరికాలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు, చాలా దేశాల్లో ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ నిబంధనలు రాలేదు. కాబట్టి ఎప్పుడు వేసిన రంగో తెలియకపోతే సీసం ఉందనే అనుకోవాలి. పొడిగా గరుకు కాగితం పట్టొద్దు, ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదం. మంటపెట్టి కాల్చి తీయడం అంతకంటే చెడ్డది. తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి, గీకింది ఊడ్చకుండా తడిగుడ్డతో తుడిచి మూటకట్టాలి. ఈ పని ఇంట్లో చెయ్యొద్దని, షెడ్డు బయటే చెయ్యాలని ఈ ఏడాది నియమం పెట్టుకున్నాం. అందరూ పాటించారు, ధన్యవాదాలు.

సామాను రవాణాకు వాడే ప్యాలెట్లు ఈ ఏడాది బాగా వచ్చాయి. వాటి మీద ముద్ర చదవడం నేర్పడానికి ఒక పూట మొత్తం కేటాయించాం. దేశాలు దాటే చెక్క ప్యాకింగుకు ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ముద్రలో హెచ్‌టీ అని ఉంటే చెక్క నడిమి భాగం దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాల పాటు అందేలా కాచారని అర్థం. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పొగ పట్టించారని అర్థం, అది మనం తీసుకోం. కానీ హెచ్‌టీ ముద్ర ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఆ రోజు పురుగులు చచ్చాయనే అది చెబుతుంది, ఆ తర్వాత దాని మీద ఏ రసాయనం ఒలికిందో చెప్పదు. మరకలున్నా, వాసన వస్తున్నా పక్కన పెట్టేస్తున్నాం. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత కంచె కర్రలు, ఆరుబయట నేలగా పరిచే డెక్కు పలకలు కూడా అంతే. వాటికి ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి ఉండొచ్చు, ఇంట్లోకి తేకూడదు, పొయ్యిలో అసలే పెట్టకూడదు.

పురుగు సంగతి. చెక్కకు సన్నటి రంధ్రాలున్నంత మాత్రాన పారెయ్యక్కర్లేదు, పురుగు ఎప్పుడో వెళ్ళిపోయి ఉండొచ్చు. కింద నల్ల కాగితం పరిచి కొన్ని వారాలు చూడండి, పిండిలాంటి పొడి కొత్తగా రాలితే ఇంకా లోపల ఉన్నట్టే.

పాత చెక్క ఇక కదలదు, అదంతా ఎప్పుడో అయిపోయింది అని చాలామంది అంటుంటారు. నేను దీన్ని ఒప్పుకోను. ఎంత పాతదైనా గాలిలో తేమను బట్టి చెక్క అడ్డంగా ఉబ్బుతూ, కుంచించుకుంటూనే ఉంటుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. అందుకే వెడల్పాటి బల్లపైభాగాన్ని చట్రానికి అన్ని చోట్లా స్క్రూలతో బిగించేస్తే ఏదో ఒక రోజు చీలుతుంది. స్క్రూ కాస్త జరగడానికి వీలుగా రంధ్రాన్ని సాగదీసి చెయ్యాలి. మనం కొన్న తేమ మీటరు ఇక్కడే పనికొచ్చింది: ఇంటి లోపల వాడే చెక్కలో తేమ సుమారు 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలి, అంతకు మించితే ఆగాల్సిందే. తొందరపడ్డా లాభం లేదు.

పుస్తకాల అరల గురించి మీ నుంచి ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి కాబట్టి లెక్క ఇక్కడే చెప్తున్నాను. నిండా పుస్తకాలు పెట్టే అర పొడవు రెట్టింపు చేస్తే వంపు 16 రెట్లవుతుంది. మందం రెట్టింపు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. పలక సన్నగా ఉంటే మధ్యలో ఒక ఆనుపు పెట్టడమే తేలిక మార్గం. రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ పలకలకైతే ఇది మరీ ముఖ్యం, బరువు అలాగే ఉంచితే అవి నెలల తరబడి మెల్లగా వంగుతూనే ఉంటాయి. బయట కూర్చునే బెంచీలకు బాగుంటాయి, లోపల అరలకు నేను సిఫారసు చెయ్యను. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు తీసుకోవడం మానేశాం. ఒకసారి స్క్రూ పట్టిన చోట రెండోసారి పట్టదు, నీళ్ళు తగిలితే ఉబ్బిపోతుంది.

గాజు విషయంలోనూ మన పద్ధతే నిలిచింది. పాత స్నానాల గది తలుపుల గాజు సాధారణంగా టెంపర్డ్ గాజు, అంటే వేడిచేసి గట్టిపరిచింది, మూలలో చిన్న ముద్ర ఉంటుంది. దాన్ని కోయబోతే మొత్తం చిన్న ముక్కలైపోతుంది. కాబట్టి గాజు ఎంత ఉందో అంతకే చట్రం కట్టాలి.

డచ్ డిజైనర్ గెరిట్ రీట్‌వెల్డ్ 1934లోనే ప్యాకింగ్ పెట్టెలకు వాడే చవక పలకలతో కుర్చీ తయారు చేశారని, మరో డచ్ డిజైనర్ పీట్ హైన్ ఏక్ 1990లో చదువు ముగింపు ప్రాజెక్టుగా తుక్కు చెక్కతో బీరువా చేశారని ఒక సమావేశంలో ఫొటోలతో చూపించాం. అతుకులు కనిపించడం లోపం కాదని ఆ ఫొటోలు చూశాక చాలామంది ఒప్పుకున్నారు, నాకు చాలా సంతోషమనిపించింది.

ఒక హెచ్చరిక మళ్ళీ చెప్పాల్సిందే. చెక్కకు పట్టించే అవిసె నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా ఆరుబయట పరచండి, లేదా నీళ్ళు పోసిన, మూత ఉన్న డబ్బాలో వెయ్యండి. షెడ్డులో ఆ డబ్బా తలుపు పక్కనే ఉంది.

వచ్చే ఏడాదికి మూడు పనులు అనుకుంటున్నాం. పనిముట్లు ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళ పేర్లు రాసుకునే పుస్తకం పెట్టడం, చిత్రిక పట్టడం, ఉలి నూరడం నేర్పే తరగతులు జరపడం, ఇళ్ళు పడగొట్టే కాంట్రాక్టర్లతో ముందే మాట్లాడి తలుపులు, కిటికీలు పగలగొట్టకుండా విప్పించుకోవడం. మూడో దానికి మనుషులు కావాలి, ఎందుకంటే కబురు వచ్చిన రోజే వెళ్ళాలి, మర్నాటికి అంతా లారీ ఎక్కేస్తుంది. బరువు మొయ్యగలిగినవాళ్ళు, చిన్న వ్యాన్ ఉన్నవాళ్ళు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. షెడ్డులో సుద్దతో పేరు రాసి పెట్టిన చెక్కల్ని ఈ నెలాఖరులోగా తీసుకెళ్ళకపోతే మిగతా సభ్యులకు ఇచ్చేస్తాం.