టెంట్ తర్వాత కొనొచ్చు, ముందు బండి మోసే బరువు చూడండి

సంపాదకులు గారికి నమస్కారం,

మీ ఆదివారం పేజీల్లో కారు క్యాంపింగ్ గురించి వేసిన కథనం చదివాను, ఫొటోలు చాలా బాగున్నాయి, కానీ ఆ బండ్ల నెత్తిన కట్టిన సామాను చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే సరిగ్గా ఆ తప్పే మేమూ చేశాం.

మాది ఐదు డోర్ల మారుతి జిమ్నీ. కొన్న నెలలోనే ముందు స్టీల్ బంపర్, పైన క్యారియర్, దాని మీద రూఫ్ టెంట్ (బండి పైనే విప్పుకొని పడుకునేది), అన్నీ పెట్టించేశాం. ఎవరూ లెక్క చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ బండి ఖాళీ బరువే దాదాపు 1,200 కిలోలు, మొత్తం లోడుతో 1,545 దాటకూడదు, అంటే మనుషులు సామాను అంతా కలిపి 340 కిలోల లోపే ఉండాలి. నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే అందులో 280 అయిపోతుంది, మిగిలిన 60లో రూఫ్ టెంట్ ఒక్కటే 55 దాకా తినేస్తుంది, ఇంక నీళ్లకీ స్టవ్వుకీ బంపర్‌కీ చోటేది? పైగా ఆ బరువంతా నెత్తిన ఉంటే ఘాట్ మలుపుల్లో బండి పక్కకి ఊగుతుంటే కడుపులో తిప్పేస్తుంది.

పోయిన వానాకాలం గండికోట వెళ్లి, అక్కడినుంచి పెన్నా వైపు ఏదో బండ్ల బాట కనిపిస్తే దిగాం. ముందురోజు వాన పడింది. నల్లరేగడి సంగతి మా కడప జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, పది గజాలు పోయేసరికి టైర్ల గాడులన్నీ మట్టితో పూడుకుపోయి నున్నగా అయిపోయాయి, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే ఫోర్ బై ఫోర్‌లో, ఎక్కువ లాగే 'లో రేంజ్' గేరు వేసినా అక్కడే తిరిగి తిరిగి బండి పొట్ట నేలకి ఆనింది. ట్రాక్టర్ తెచ్చిన పెద్దాయన పైకి చూసి "ఇంత బరువు నెత్తిన పెట్టుకొని రేగట్లోకి ఎట్ల దిగినారప్పా, ముందు అదంతా దించండి" అన్నాడు. దించాం. తాడు కడదామంటే కంపెనీ ఇచ్చిన ముందు హుక్కుని మేం పెట్టించిన బంపర్ మూసేసింది! ఆయన బురదలో పడుకొని వెనక హుక్కు వెతికి కట్టి, వెనక్కే లాగాడు. డబ్బులు పెట్టి బిగించుకున్న వస్తువే అవసరానికి అడ్డం పడింది.

తర్వాత తెలిసింది, ఆ బంపర్ అసలు చట్టప్రకారం కూడా కుదరదని. బండి ముందు అదనంగా బిగించే ఇలాంటి ఇనుప కడ్డీలు (బుల్ బార్లు, క్రాష్ గార్డులు) తీయించమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకి రాసింది. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టే ప్రమాదం వేరే.

అందుకే కొనేవాళ్లకి నేను చెప్పేది, బండి ఎంచుకునేటప్పుడే ఆలోచించండి. మహీంద్రా థార్ తీసుకుంటే ఫోర్ బై ఫోరా కాదా చూసుకోండి, 2023 నుంచి వెనక చక్రాలకే పవర్ ఉండే మోడల్ కూడా వస్తోంది, బయటికి రెండూ ఒకేలా ఉంటాయి. నిజంగా గుంతల్లోకి వెళ్లేవాళ్లకి ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా డిఫరెన్షియల్ లాక్‌లు (ఒక చక్రం ఊరికే తిరుగుతున్నా రెండోదానికి పవర్ అందేలా చేసేవి), స్నార్కెల్ (ఇంజన్‌కి గాలి పైనుంచి తీసుకునే గొట్టం) కంపెనీయే ఇస్తుంది, బయట ఏమీ బిగించక్కర్లేదు. ఏ బండైనా మొదటి ఖర్చు కంపెనీ సైజులోనే రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే మంచి ఆల్ టెర్రైన్ టైర్లకి పెట్టండి, తర్వాత 12 వోల్టుల గాలి పంపు, గట్టి తాడు, ఒక పార. ఇసుకలో టైరు గాలి 18-20 పీఎస్ఐకి దించితే టైరు నేలకి ఎక్కువగా ఆని బండి తేలిగ్గా కదులుతుంది, రోడ్డెక్కగానే మళ్లీ నింపుకోవాలి, పంపు అందుకే. నేల మీద వేసే టెంట్ నాలుగైదు కిలోలే, నిద్ర అంతే హాయిగా పడుతుంది, కాకపోతే అడవిలో వేయాలంటే ఫారెస్ట్ వాళ్ల పర్మిషన్ ఉండాల్సిందే.

మేం బంపర్, క్యారియర్ రెండూ తీసేశాం. రవాణా శాఖ వాళ్లని నేను కోరేది ఒక్కటే, ఏ మార్పుకి అనుమతి కావాలి, ఏది అస్సలు కుదరదు, ఏది అడక్కుండా పెట్టుకోవచ్చు అనేది మామూలు తెలుగులో ఒక కాగితం మీద రాసి ప్రతి ఆర్టీవో ఆఫీసు గోడకి అంటించండి. మీ పేపర్లో కూడా అది ఒకరోజు అచ్చేస్తే, బండి బుక్ చేసి ఎదురుచూస్తున్న పిల్లలు యాక్సెసరీ షాపుకి వెళ్లకముందే చూసుకుంటారు.

ఇట్లు
ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు