వీలునామా నిలబడేది సాక్షుల మీద

సంపాదకులకు,

వీలునామా మాట ఎత్తితే మన దగ్గర మొదట వచ్చే ప్రశ్న "రిజిస్టర్ చేయించారా?" అన్నదే. దాని కంటే ముందు "సాక్షులెవరు?" అని అడగాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. స్టాంపు డ్యూటీ లేదు, తెల్ల కాగితం మీద రాసినా చెల్లుతుంది. రిజిస్టర్ చేయిస్తే మంచిదే, కాదనను. కానీ రేపు తగువు కోర్టుకెక్కితే సబ్‌రిజిస్ట్రార్ ముద్ర చూపించి గట్టెక్కలేరు. సాక్షి సంతకం చేసినవారు బతికుండి, రాగల స్థితిలో ఉంటే వారిలో కనీసం ఒకరు బోనెక్కి చెప్పాల్సిందే. పాత సాక్ష్య చట్టంలో 68వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 67వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

ఆ సాక్షి ఏం చెప్పాలో కూడా తెలుసుకోవాలి. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇద్దరు సాక్షులుండాలి. రాసిన వ్యక్తి సంతకం పెట్టడం గానీ, వేలిముద్ర వేయడం గానీ వారు చూడాలి. లేదంటే "ఇది నా సంతకమే" అని ఆయన ఒప్పుకోగా వినాలి. ఆ తర్వాత ఆయన ఎదుటే తమ సంతకాలు చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలని చట్టం అనదు. అయినా ఉండేలా చూడడమే క్షేమం. ఎందుకంటే కోర్టుకు వచ్చిన ఒక్క సాక్షి తన సంతకం సంగతి చెప్పి ఊరుకుంటే చాలదు, రెండోవారు కూడా పద్ధతి ప్రకారమే సంతకం చేశారని చెప్పగలగాలి. ఒకరు పొద్దున, ఇంకొకరు సాయంత్రం వచ్చి సంతకం చేసి వెళ్లిన వీలునామాలు ఇక్కడే బోల్తా పడతాయి. రిజిస్ట్రార్ ఆఫీసులో మనిషిని గుర్తుపట్టినట్టు సంతకం చేసేవారు వీలునామా సాక్షులు కారు. దస్తూరి అని రాసి సంతకం చేసిన లేఖరి కూడా తనంతట తాను సాక్షి అయిపోడు. సాక్షులు, వీలునామా రాసే వ్యక్తి కంటే వయసులో చిన్నవారై, పదిహేనేళ్ల తర్వాత కూడా దొరికేవారై ఉండాలి. ఆస్తి పొందేవారిని, వారి భార్యను లేదా భర్తను సాక్షిగా పెట్టనే కూడదు. క్రైస్తవుల విషయంలో అలా పెడితే ఆ సాక్షికి గానీ, సాక్షి భార్యకు లేదా భర్తకు గానీ రాసిన ఆస్తి మేరకు వీలునామా చెల్లకుండా పోతుంది. హిందువుల విషయంలో అనుమానానికి తావిస్తుంది.

అనుమానమన్నది ఈ కేసుల్లో చిన్న మాట కాదు. 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందే నేటికీ ప్రమాణం: వీలునామా చుట్టూ అనుమానాస్పద పరిస్థితులుంటే, వాటిని తొలగించే భారం దాన్ని చూపించి ఆస్తి అడిగేవారిదే. తండ్రిని లాయరు దగ్గరికి తీసుకొచ్చేది పెద్దకొడుకు, ఫీజు కట్టేది అతనే, ఏం రాయాలో చెప్పేది అతనే, సాక్షులు అతని స్నేహితులు, చివరికి ఆస్తంతా అతనికే. ఆ తండ్రి మనసులో నిజంగా అదే ఉన్నా ఆ కాగితం చెల్లుతుందని ఏ లాయరూ హామీ ఇవ్వలేడు. కాబట్టి పిల్లల్ని బయట కూర్చోబెట్టి పెద్దాయనతో ఒంటరిగా మాట్లాడే న్యాయవాదినే ఎంచుకోండి. "అందరి ముందే మాట్లాడదాం, దాపరికం ఎందుకు" అనే లాయరు మంచివాడే కావచ్చు, ఈ పనికి మాత్రం పనికిరాడు.

లాయరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆస్తి కాగితాలు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), పట్టాదారు పాసుపుస్తకం, అప్పుల వివరాలు, బ్యాంకు, బీమా జాబితా తీసుకెళ్లండి. వాటితోపాటు వారసులందరి పేర్లూ రాసుకెళ్లండి. అందులో తల్లిని మరిచిపోయేవారే ఎక్కువ. హిందూ పురుషుడు వీలునామా లేకుండా పోతే భార్యాబిడ్డలతో సమానంగా తల్లికీ వాటా ఉంటుంది. ప్రతి ఆస్తి పక్కనా స్వార్జితమా, పిత్రార్జితమా అన్నది తేల్చుకోవాలి. ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే రాయగలరు. హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణతో అందులో కూతుళ్లకు పుట్టుకతోనే హక్కు వచ్చింది, తండ్రి సవరణ వచ్చిన రోజుకు బతికుండనక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఊరి పొలమంతా కొడుకులకే రాసేసిన కాగితాలు కూతురి వాటా దగ్గర ఆగిపోతున్నది ఇందుకే. ముస్లింలైతే వారసుల సమ్మతి లేకుండా మూడోవంతుకు మించి రాయలేరు.

సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, పాత దస్తావేజు నంబరు, సంవత్సరం అన్నీ రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబరుతో పాటు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు కూడా వేయించండి. ఇందులో చెప్పని ఆస్తి, ఇకముందు సంక్రమించే ఆస్తి ఎవరికి చెందాలో ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే తర్వాత కొన్న ప్లాటు మామూలు వారసత్వం కిందికి పోతుంది.

ఒకరికి తక్కువ ఇస్తుంటే కారణం రాయించండి. "ఇవ్వాల్సింది ఇచ్చేశాను" అంటే ఏమీ చెప్పనట్టే. "ఫలానా సంవత్సరంలో ఫలానా నంబరు దస్తావేజుతో ఇంటి స్థలం రాసిచ్చాను" అంటే దానికి బలం ఉంటుంది. "భార్యకు జీవితకాల హక్కు, తర్వాత పిల్లలకు" అనే మాటను లేఖర్లు అలవాటుగా రాసేస్తుంటారు. హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద ఆ పరిమిత హక్కు పూర్తి హక్కుగా మారుతుందా లేదా అన్నది ఏళ్ల తరబడి నలిగే వివాదం. మనకు బాగా తెలిసిన 1977 నాటి తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఇదే వివాదం భరణం కింద ఇచ్చిన ఆస్తి గురించే. ఆ మాట పెట్టే ముందు లాయరుతో అరగంట చర్చించినా తప్పులేదు.

నామినీ పేరు ఉంది కదా అని నిశ్చింతగా ఉండడం ఇంకో పొరపాటు. బ్యాంకులోనైనా షేర్లలోనైనా నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప యజమాని కాడు. షేర్ల విషయంలో ఇది 2023 డిసెంబరులో మళ్లీ తేలింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే లెక్క వేరు. జీపీఏ (తన తరఫున పనులు చేసేందుకు మరొకరికి ఇచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఇచ్చాం కదా అనేవారూ ఉన్నారు. మామూలు జీపీఏ ఇచ్చిన మనిషి పోవడంతోనే దాని ఆయుష్షూ తీరిపోతుంది.

ట్రస్టు అందరికీ అక్కర్లేదు. తన బాగోగులు తాను చూసుకోలేని బిడ్డ ఉన్న ఇంట్లో మాత్రం దాని గురించి తప్పక అడగాలి. స్థిరాస్తిని ట్రస్టులో పెట్టాలంటే రిజిస్టర్ పత్రం గానీ, వీలునామా గానీ కావాలి. ట్రస్టీ తర్వాత ట్రస్టీ ఎవరన్నది రాయకపోతే తగువు అక్కడే మొదలవుతుంది.

సంతకాలయ్యాక పెన్నుతో కొట్టివేతలు, చేర్పులు చేస్తే చెల్లవు. మార్పు కావాలంటే మళ్లీ ఇద్దరు సాక్షులతో అనుబంధ వీలునామా గానీ, కొత్తది గానీ రాయాలి. అసలు ప్రతిని ఒక్కరి పేరునే ఉన్న బ్యాంకు లాకర్‌లో పెట్టకండి. లాకర్ తెరవడానికి కావలసిన కాగితం లాకర్‌లోనే ఉండిపోతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 42వ సెక్షన్ కింద సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలుంది. వాడుకునేవారు అరుదు. రసీదు ఎక్కడుందో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచితే చాలు.

భవదీయుడు,
సివిల్ కేసులు చూసే ఒక న్యాయవాది