వేసవి దాటిన మొక్కలు, ఆలస్యంగా చెబుతున్న కృతజ్ఞతలు

గత జూలైలో వనమహోత్సవం సందర్భంగా మొక్కల పెంపకానికి మా వ్యాపారుల సంఘం చేపట్టిన నిధి సేకరణకు సాయం చేసిన గుంటూరు ప్రజలకు, ముఖ్యంగా పట్నంబజారు, లాలాపేట వ్యాపారులకు, గుమస్తాలకు, బస్తాలు మోసే ముఠా కార్మికులకు సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. నాటిన మర్నాడే చెప్పవలసిన ఈ మాటను పదకొండు నెలలు ఆపింది కావాలనే. అంతకు రెండేళ్ల క్రితం కూడా మేము ఇదే పని చేశాము. ఫొటోలు దిగాము, వారం తిరగకముందే ధన్యవాదాల ప్రకటన వేశాము, మరుసటి ఏప్రిల్ వచ్చేసరికి వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని మొక్కలు మాత్రమే మిగిలాయి. అప్పుడు విరాళం ఇచ్చినవారు ఒక్కరూ మమ్మల్ని నిలదీయలేదు. నిలదీసి ఉంటే ఇంత సిగ్గుపడేవాళ్లం కాదేమో. ఆ తప్పు పూర్తిగా సంఘానిదే. నాటడానికి డబ్బు పోగుచేసి, నీళ్లకు పోగుచేయకపోవడమే ఆ తప్పు.

అందుకే ఈసారి విరాళం అడిగినప్పుడు మొక్కకు అని కాక, మొక్కకూ దాని కంచెకూ మూడేళ్ల నీటికీ కలిపి అడిగాము. గల్లాపెట్టెల పక్కన నెల రోజులు డబ్బాలు పెట్టించాము. పాత చిట్టాల్లో ధర్మం పద్దు రాసే అలవాటు ఉన్న పెద్ద కొట్లవారు డబ్బాలో వేయకుండా, పద్దు రాసి చెక్కు పంపారు. మిగిలినవారిలో ఎక్కువమంది ఫోన్‌లోనే చెల్లించారు. నాటిన మొక్కలు 240. జూన్ మొదటి వానలు పడ్డాక ముగ్గురు సభ్యులం ఒక ఉదయమంతా నడిచి లెక్కపెడితే 211 పచ్చగా కనిపించాయి. ఈ సంఖ్య చేతికి వచ్చిన తరువాతే మీకు రాసే ధైర్యం కలిగింది.

బజారు సందుల్లో మొక్కకు చోటు లేదన్న సంగతి అందరికీ తెలిసిందే. అందుచేత మిర్చి యార్డుకు వెళ్లే రోడ్డు అంచులను, రెండు ప్రభుత్వ పాఠశాలల ఆవరణలను ఎంచుకున్నాము. మిర్చి సీజనులో ఆ రోడ్డు మీద పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి టిక్కీలతో, అంటే మిర్చి బస్తాలతో వచ్చిన వాహనాలు గంటల తరబడి ఎండలో వరుసకట్టి ఉండడం ఈ ఊరివాళ్లం ఏటా చూస్తూనే ఉన్నాము. ఒక టీ కొట్టు దగ్గర పెట్టిన డబ్బాలో, లారీ పక్కన నీడ లేక నిలబడి ఉన్న ఒక రైతు వంద రూపాయలు వేసి, చెట్టు పెరిగేనాటికి తాను రాకపోయినా తన కొడుకు వస్తాడని చెప్పి వెళ్లారట. ఆయన ఊరు, పేరు తెలియవు. ఈ కృతజ్ఞతలు ఆయనకు ఎవరైనా చేరవేస్తారని ఆశ.

ఏ మొక్కలు నాటాలన్న విషయంలో మాలో మాకే పెద్ద చర్చ జరిగింది. త్వరగా గుబురుగా ఎదుగుతుందని కొందరు కోనోకార్పస్ కావాలన్నారు. అన్నీ వేపలే వేద్దామని, అది మన రాష్ట్ర వృక్షం కూడా అని మరికొందరు పట్టుబట్టారు. ఉద్యాన విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన ఓపికగా రెండు సాయంత్రాలు కూర్చుని మా వాదాలు తీర్చారు. 2021లో టీ దోమ అనే రసం పీల్చే పురుగు, ఫోమాప్సిస్ శిలీంధ్రం కలిసి సోకి తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల కొమ్మలు ఎలా ఎండిపోయాయో గుర్తుచేసి, ఒకే జాతి మీద ఆధారపడవద్దన్నారు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానుకు మా వీధి చివర పెద్ద చెట్టు కూలిన సంగతి మేమే చెబితే, ఎదుగుదల ఎంత వేగంగా ఉందన్నది కాదు, వేరు ఎంత లోతుకు పోయిందన్నది చూడమన్నారు. చివరికి కానుగ, వేప, నేరేడు, పొగడ కలిపి నాటాము. కరెంటు తీగలు ఉన్నచోట మాత్రం ఎత్తు పెరగని గన్నేరు వేశాము. తీగల కింద ఏది వేయకూడదో స్వయంగా వచ్చి చూపిన లైన్‌మన్ సోదరులకు ప్రత్యేక ధన్యవాదాలు. వారు రాకపోతే నాలుగేళ్ల తరువాత వారే వచ్చి కొమ్మలు నరకవలసి వచ్చేది.

మన నేల నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే ఈ నేలలో లేత వేరు నిలవడం కష్టమని, గుంత పెద్దదిగా తీయించి, తీసిన మట్టిలో ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, చెదలు రాకుండా వేపపిండి కలిపించింది కూడా ఆ పెద్దాయనే. ఆ గుంతలు తీసింది ముఠా కార్మికులు. బజారులో పని మొదలుకాకముందు, తెల్లవారుజామున నాలుగు రోజులు పనిచేసి గుంతలన్నీ పూర్తిచేశారు. మట్టికి, ఎరువుకు అయిన ఖర్చు తప్ప కూలి తీసుకోలేదు. కూలి ఇవ్వబోతే ముఠా మేస్త్రిగారు, నీడలో కూర్చునేది మేమే కదండీ అన్నారు.

వ్యాపారులం కనుక జమాఖర్చు చెప్పకుండా కృతజ్ఞత చెబితే మాకే వెలితిగా ఉంటుంది. మొత్తం జమ రూ. 4,92,640. మొక్కలకు 43,200, ఇనుప కంచెలకు 2,28,000, మట్టికి ఎరువులకు 28,800 ఖర్చయింది. ఒక్కో మొక్కకు 20 లీటర్ల చొప్పున ఒక విడతకు 4,800 లీటర్లు, అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి సరిపోతుంది. ఈ పదకొండు నెలల్లో 52 విడతలకు ట్యాంకరుకు 700, నీళ్లు పోసినవారికి 500 చొప్పున 62,400 అయింది. నిల్వ 1,30,240 బ్యాంకులో ఉంది. రానున్న రెండేళ్ల నీటికి 1,24,800 పోను, చనిపోయిన మొక్కల స్థానంలో కొత్తవి కొనడానికి సరిగ్గా సరిపోయేంత మిగులుతుంది. ఫ్లెక్సీలకు, శాలువాలకు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టలేదు. శాలువా ఆశించినవారు ఎవరైనా ఉంటే మన్నించాలి.

మే నెలలో నీళ్ల ట్యాంకరు దొరకడమే గగనం. ఎక్కువ ధర ఇచ్చేవారు వరుసలో ఉన్నా మా విడత ఒక్కటి కూడా తప్పించకుండా, అదే 700కు, తెల్లవారకముందే వచ్చిన ట్యాంకరు యజమానికి మేము ఎంతో రుణపడి ఉన్నాము. వేసవి సెలవుల్లో పాఠశాల మూతపడినా, దగ్గరలో ఇళ్లున్న పిల్లలు వంతులు వేసుకుని సాయంత్రాలు బకెట్లతో నీళ్లు పోశారు. పాఠశాలల్లో నాటిన మొక్కల్లో ఒక్కటీ ఎండకు పోలేదంటే అది వారి చలవే.

పోయిన 29 మొక్కల సంగతి కూడా చెప్పాలి. పదహారు మే ఎండకు పోయాయి. నాలుగు కంచె వంగినచోట మేకల పాలయ్యాయి. మిగిలిన తొమ్మిదింటిని, కేబుల్ కోసం రాత్రిపూట రోడ్డు అంచు తవ్వినవారు కంచెలతో సహా పెకలించి పక్కన పడేశారు. ఒక్క ఫోన్ చేసి ఉంటే రెండు అడుగులు పక్కకు మార్చుకునేవాళ్లం. కంచెలు మాత్రం చెడిపోలేదు. వాటినే తిరిగి వాడుకుంటాము.

ఆ 29 చోట్లా వచ్చే ఆదివారం తెల్లవారుజామున కొత్త మొక్కలు నాటుతున్నాము. జమాఖర్చు పుస్తకం, బిల్లులు సంఘం కార్యాలయంలో ఉన్నాయి. దాతలు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు. పోయినసారి గుంతలు తీసిన నాలుగు రోజులూ అందరికీ ఉచితంగా టీ పోసిన కొట్టు యజమాని ఈసారీ తానే పోస్తానంటున్నారు. ముఠా మేస్త్రిగారేమో, ఈసారి టీ డబ్బులు తమవేనని, లేకపోతే పార పట్టేది లేదని ముందే హెచ్చరించారు. ఈ విషయం టీ కొట్టు ఆయనకు మేమింకా చెప్పలేదు.

— కార్యదర్శి, సంఘ సభ్యులందరి తరఫున, గుంటూరు