ఎకినేషియా విత్తనాల ప్యాకెట్లు ఇక అమ్మం

ఈమధ్య మా నర్సరీకి వచ్చేవాళ్లు ఫోన్‌లో ఫొటో చూపించి ఎకినేషియా కావాలంటున్నారు. గులాబీ రేకులు కిందికి వాలి, మధ్యలో నారింజ రంగు ముళ్ల బుడిపె ఉండే పువ్వు. సీతాకోకచిలుకలు వస్తాయని మీ ఆశ. అది నిజమే. ఆ బుడిపె నిండా చిట్టి చిట్టి పూలే. అంచు నుంచి లోపలికి వరుసగా విచ్చుకుంటాయి. తేనెటీగ విచ్చుకున్న వరుస పట్టుకునే గుండ్రంగా తిరుగుతుంది.

అయినా విత్తనాలు అమ్మడం ఆపేస్తున్నాం. ఇది ఉత్తర అమెరికా గడ్డి మైదానాల మొక్క. అక్కడి చలికి పైన ఎండిపోయినా వేరు బతికే ఉండి, వసంతంలో మళ్లీ చిగురిస్తుంది. విత్తనం వేస్తే మొదటి ఏడు చాలావరకు ఆకులే, పూలు చూడాలంటే రెండో ఏడు రావాలి. ఈలోపు మన విజయవాడ ఎండాకాలం దాటాలి కదా! రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ. అది తట్టుకున్నా, వానలకు నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. పూస్తుందన్న నమ్మకం మాకే లేనిది మీ చేత కొనిపించలేం.

కార్తీకం నుంచి మొగ్గ తొడిగిన మొక్కలు మాత్రం కుండీల్లో ఇస్తాం. ఆ చలికాలం వరకు పూలు చూసుకోవచ్చు, వేసవి దాటుతుందని మాటివ్వం. ముద్ద రకాలు తెప్పించం. కంటికి బాగుంటాయి గానీ తేనెటీగకు వాటిలో దొరికేది తక్కువ.

సీతాకోకచిలుకలే కావాలంటే జినియా, రేక బంతి వేయండి. వాటితోపాటు ఒక నిమ్మ మొక్కో కరివేపాకో ఉండాలి. తేనె తాగడానికి వచ్చిన సీతాకోకచిలుకల్లో కొన్ని రకాలు గుడ్లు పెట్టేది అక్కడే. లేత ఆకు మీద పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చలతో చిన్న పురుగు కనిపిస్తే కంగారుపడి మందు కొట్టకండి. నాలుగు ఆకులు తిననివ్వండి, ఎదిగి రెక్కలతో ఎగిరేది అదే. ఆ పురుగుకు మందు ఇమ్మని ఎవరడిగినా మేం ఇవ్వం. దీనివల్ల బేరం పోయినా ఫర్వాలేదు.

ఇప్పటికే మా దగ్గర ఎకినేషియా విత్తనాలు కొన్నవాళ్లు ప్యాకెట్ విప్పకపోతే తెచ్చివ్వండి. డబ్బయినా ఇస్తాం, బదులుగా జినియా విత్తనాలైనా ఇస్తాం.